గాలి తగ్గిందని ఎవరు చెప్పాలి?

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాదు ఐటీ జనాభాలో సగం విజయవాడ రోడ్డెక్కుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ కార్లు నడిపేవాళ్ళలో చాలామంది ఉద్యోగమే కనిపెట్టుకుని ఉండటం. ఎక్కడో అమెరికాలో ఉన్న సర్వర్లో డిస్కు 80 శాతం నిండితే మెయిలు, మెమరీ పెరిగితే ఫోను, అది ఎత్తకపోతే మేనేజరుకి ఫోను. అదే మనిషిని పట్టుకుని "బాబూ, నీ కారు టైర్లో గాలి ఎంతుండాలి?" అని అడిగి చూడండి. "బంకులో కుర్రాడికి తెలుసు కదండీ" అంటాడు. ఆ కుర్రాడేమో వచ్చిన ప్రతి కారుకీ ఒకటే నంబరు కొడుతుంటాడు :)

దీన్ని బద్ధకం కింద కొట్టిపారేయొచ్చు. కానీ చరిత్ర తిరగేస్తే ఇంకో సంగతి కనబడుతుంది. చక్రంలో తేడా వస్తే మనిషికి దానంతటదే తెలిసే దారులు ఒకప్పుడు బోలెడు ఉండేవి. చెవికి తెలిసేది, చేతికి తెలిసేది, కంటికి తెలిసేది, ఆఖరికి ఎద్దుకి కూడా తెలిసేది. చక్రం మెరుగైన కొద్దీ ఈ దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఈ టపాలో నేను చెప్పదల్చుకున్నది ఇదే. అది చెప్పడానికి మా వైపు రోడ్డు కంటే మంచి చోటు నాకు తెలీదు.

మా వైపు అంటే నందిగామ, జగ్గయ్యపేట. పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకి పోయే పాత దారి ఇటే. పూణె నుంచి మచిలీపట్నం దాకా ఉన్న ఈ హైవేని చాలాకాలం తొమ్మిదో నంబరు అన్నాం, 2010లో నంబర్లన్నీ మార్చాక అరవై అయిదు అయింది. మనవాళ్ళ నోట్లో మాత్రం ఇంకా తొమ్మిదే.

ఈ జగ్గయ్యపేటకి చక్రంతో చాలా పాత చుట్టరికం ఉంది. ఊరి అసలు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద ఊరిని కట్టించాక జగ్గయ్యపేట అయింది. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఒకటి ఉంది. అక్కడ దొరికిన చలువరాతి పలక ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని మీద ఉన్నది చక్రవర్తి బొమ్మ. రాజు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, మంత్రి, రాణి, మణి, వాటితోపాటు ఒక చక్రం. చక్రవర్తి అన్న మాటలోనే చక్రం ఉంది కదా. ఆ చక్రం అడ్డంకి లేకుండా దొర్లినంత మేరా రాజ్యం అని వాళ్ళ లెక్క. జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు అధికారి అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద రాసిన పుస్తకం 1887లో అచ్చయింది. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రాతి చక్రం సంగతి అలా ఉంచి కర్ర చక్రానికి వద్దాం. ఎద్దుబండి చక్రం ఏదీ దాచుకోదు. ఇరుసులో కందెన తగ్గితే కీచుమంటుంది, ఊరంతా వినపడుతుంది. ఎండాకాలం కర్ర ఎండి కుంచించుకుపోతే చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులై గలగలమంటుంది. అప్పుడు బండిని తోలుకెళ్ళి వాగులోనో చెరువులోనో చక్రాలు మునిగేలా నిలబెట్టేవారు. కర్ర నీళ్ళు తాగి ఉబ్బితే పట్టా మళ్ళీ బిగుసుకునేది. మునేరు, పాలేరు, వైరా ఏరు పారే ఈ మెట్టలో ఇలా చక్రాలు నానబెట్టుకోవడానికి నీళ్ళు ఎక్కడుంటాయో రైతుకి తెలుసు. గమనించండి, ఎండాకాలంలో చక్రాన్ని ప్రత్యేకంగా చూసుకోవాలన్న జ్ఞానం మన తాతలకి ఉంది. ఎందుకంటే చక్రమే అరిచి చెప్పేది.

గాలి టైరు మాత్రం వేరే దేశం సరుకు. దాన్ని కనిపెట్టింది డన్‌లప్ అని మనమంతా చదువుకున్నాం. జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అది బర్జెస్ పుస్తకం వచ్చిన 1887లోనే. 1888లో పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. కారణం, రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండు ఇంజనీరు 1845లోనే ఇదే ఆలోచనకి పేటెంటు తీసుకుని ఉన్నాడు. లండనులో గుర్రబ్బండికి కట్టి నడిపించి చూపించాడు కూడా. సైకిళ్ళూ కార్లూ లేని కాలంలో ఎవరికీ దాని అవసరం కనపడక మూలపడింది. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవల్లో "ఇది ముందే ఉంది" అనే వాదన విన్నవాళ్ళకి ఈ కథ కొత్తగా ఉండదు. ఇంకో విచిత్రం, గాలి టైరు కనిపెట్టిన ఆ థామ్సనే తర్వాత గట్టి రబ్బరు చక్రాలతో ఆవిరి బండ్లు చేశాడు. అవి 1870లలో మన దేశం దాకా వచ్చి ఉత్తరాదిలో గ్రాండ్ ట్రంకు రోడ్డు మీద తిరిగాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అసలు కిటుకు చెప్పుకోవాలి. బండి బరువుని మోసేది రబ్బరు అనుకుంటాం. కాదు, గాలి. రబ్బరు, లోపలి నూలు, ఉక్కు తీగలు అన్నీ ఆ గాలిని పట్టి ఉంచే సంచీ మాత్రమే. చిన్న లెక్క వెయ్యండి. మనుషులూ సామానుతో కలిపి కారు 1400 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద 350 కిలోలు. గాలి 32 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.25 కిలోలు. భాగిస్తే దగ్గరదగ్గర 155 చదరపు సెంటీమీటర్లు. పాత పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది. వంద కిలోమీటర్ల వేగంలో మీ కుటుంబం మొత్తం నాలుగు పోస్టుకార్డుల మీద నిలబడి ఉందన్నమాట. గాలి తగ్గితే బరువు తగ్గదు కదా. అంచేత టైరు ఇంకా అణిగి నేలకి ఇంకా ఎక్కువ ఆనుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్క గోడ మడత పడుతుంది, లేస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగినట్టే, ఆ మడతల వేడికి పొరలు విడిపోతాయి. టైరు పేలడం అని మనం అనేది చాలాసార్లు గాలి ఎక్కువై కాదు, తక్కువై.

సరే, ఈ గాలి మన పల్లెలకి ఎలా వచ్చింది? లారీలతోనే కాదు, ఎద్దులతో కూడా వచ్చింది. డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్లో సాహాగంజ్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. కార్లు వేలల్లో, ఎడ్లబండ్లు కోటికి పైగా ఉన్న దేశంలో ఏ కంపెనీకైనా బండి చక్రం మీద కన్ను పడకుండా ఉంటుందా? పశువులు లాగే బండ్ల కోసమే గాలి టైర్లు చేసి అమ్మారు. చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ ఆ బండిని డన్‌లప్ బండి అనే అంటారు. మనం టైరు బండి అన్నాం. కొత్త టైర్లు కొనలేనివాళ్ళు లారీలకి వాడి తీసేసిన పాత టైర్లు వేసుకునేవారు. నందిగామ చుట్టుపక్కల నల్లరేగడి. వాన పడితే ఇనుప పట్టా నేలని కోసుకుంటూ దిగిపోతుంది, టైరు అంతగా దిగదు. పత్తి, మిరప, పొగాకు బస్తాలు అదే జత ఎడ్లతో ఎక్కువ వేసుకుని పోగలగడం చిన్న లాభం కాదు. రోడ్లేసే ఇంజనీర్లకీ సంతోషమే, ఇనుప పట్టాలు కంకర రోడ్లని చీల్చేసేవి మరి.

టైరు బండితో కీచు శబ్దం పోయింది, పట్టా గలగల పోయింది. కానీ గాలి తగ్గితే చెప్పేవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, ఎడ్లు. ఒకవైపు టైరు మెత్తబడితే బండి అటు గుంజుతుంది, ఆ పక్క ఎద్దు మెడ మీద భారం పెరుగుతుంది, నడక మందగిస్తుంది. రైతు దిగి చూస్తాడు. ఎద్దు నోరులేనిది అంటాం గానీ గాలి విషయంలో ఇవాళ్టి కారు కంటే దానికే నోరుంది.

తర్వాత లారీల కాలం. విజయవాడ లారీలకి దేశంలోనే పేరు, ఆటోనగర్ అందుకే అంత పెరిగింది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి ఉండటంతో 1980లలో సిమెంటు ఫ్యాక్టరీలొచ్చాయి, వాటితో లారీలూ పెరిగాయి. లారీలో డ్రైవరు ఇంజనుకి బాధ్యుడైతే టైర్లకి బాధ్యుడు క్లీనరు. బండి ఎక్కడ ఆగినా ఇనప రాడ్డో కర్రో పట్టుకుని దిగి టైర్లన్నిటినీ వరసగా కొట్టుకుంటూ వచ్చేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు ఖంగున మోగుతుంది, కర్ర వెనక్కి ఎగురుతుంది. గాలి లేనిది దబ్బుమంటుంది. ముఖ్యంగా వెనక జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు. దానిలో గాలి పోతే బయటిది మొత్తం బరువు మోస్తూ కాలిపోతుంది. ఆ లోపలి టైరు కోసమే ఈ కొట్టుడు. మన భాషలో చెప్పాలంటే క్లీనరు అనేవాడు లారీకి మానిటరింగ్ ఏజెంటు. అయితే ఈ పద్ధతికి హద్దుంది. పూర్తిగా పడుకున్న టైరుని పట్టుకుంటుంది గానీ, వందలో ఇరవై తగ్గిందా అంటే కర్ర చెప్పలేదు.

క్లీనరు వెనక పెద్ద వ్యవస్థే ఉండేది. హైవే మీద ప్రతి నాలుగు మైళ్ళకో పంచరు షాపు. బయట వేలాడదీసిన పాత టైరే బోర్డు. మన రోడ్ల మీద చాలా షాపులు కేరళ వాళ్ళు నడిపేవారు. ట్యూబు ఊడదీసి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి, గీకి, సొల్యూషను రాసి, ప్యాచీ కాల్చి అంటించి, చివర్లో గాలి కొట్టి పంపేవాడు. పంచరు కోసం వెళ్ళినా మిగతా టైర్లని ఓసారి చూసేవాడు. లారీ వెనకాల వేలాడే స్టెప్నీ సరేసరి. ఈ మాట మనవాళ్ళు ఎంత సొంతం చేసుకున్నారంటే ఇది తెలుగు మాటే అనుకునేవాళ్ళున్నారు. నిజానికి వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ అనే వీధి ఉంది. 1904లో ఆ వీధిలో మొదలైన వ్యాపారం అదనపు చక్రాలమ్మింది. వీధి పేరు చక్రానికి అంటుకుంది. ఇంగ్లండులో ఆ మాట మరిచిపోయారు, నందిగామలో ఎవరూ మర్చిపోలేదు.

కార్ల విషయానికొస్తే, అంబాసిడరు నడిపినవాళ్ళని అడగండి. ముందు టైర్లో గాలి తగ్గితే స్టీరింగు రాయిలా బరువెక్కేది. ఒకవైపే తగ్గితే అటు లాగేది. చేతికి తెలిసేది. పవర్ స్టీరింగు వచ్చింది, చిటికెన వేలితో తిప్పుతున్నాం, చెయ్యి ఇచ్చే కబురు ఆగిపోయింది. 1946లో మిషలిన్ కంపెనీ పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు మన దేశంలో 1977లో జేకే వాళ్ళతో మొదలైంది. లారీల్లో అయితే 2000ల మొదట్లో నామమాత్రం, 2020 వచ్చేసరికి సగానికి పైనే. రేడియల్ మంచిది. ఎక్కువ మన్నుతుంది, డీజిలు ఆదా. కానీ దాని పక్క గోడ మెత్తన, గాలి సరిగ్గా ఉన్నా కింద కాస్త ఉబ్బి కనపడుతుంది. పాత టైరైతే కూలబడ్డట్టు కనిపిస్తే గాలి లేదని అర్థం. రేడియల్ ఎప్పుడూ అలాగే ఉంటుంది. పాతికకీ ముప్ఫై రెండుకీ తేడా కంటితో చెప్పడం మెకానిక్కి కూడా కష్టమే. కన్నూ పోయింది.

ఆఖరిది ట్యూబ్‌లెస్. ట్యూబున్న రోజుల్లో మేకు దిగితే అయిదు నిమిషాల్లో బండి ఆగిపోయేది. చిరాకే, కానీ దాపరికం లేదు. ట్యూబ్‌లెస్సులో మేకు దిగితే అక్కడే బిరడాలా కూర్చుంటుంది. వారాల తరబడి గాలి కొంచెం కొంచెం జారుతుంటుంది, మనం తిరుగుతూనే ఉంటాం. దీనికి తోడు అద్దాలు బిగించి ఏసీ వేసి పాటలు పెట్టాక చెవి ఎప్పుడో సెలవు తీసుకుంది.

ఇవన్నీ మెరుగుదలలే, ఒక్కటీ చెడ్డది కాదు. మనం మళ్ళీ ఎడ్లబండి ఎక్కాలని నేననడం లేదు. నేననేదల్లా ఏమిటంటే, ప్రతి మెరుగుదలా తనతోపాటు ఒక హెచ్చరికని తీసేసింది, దాని బదులు ఇంకోటి పెట్టుకోవాలన్న సంగతి మనకెవరూ చెప్పలేదు. పాత సిస్టం తీసేసి కొత్తది పెట్టేటప్పుడు పాతదాంట్లో ఎవడో ఎప్పుడో రాసుకున్న అలర్టు స్క్రిప్టు కొత్తదాన్లోకి రాలేదని ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది చూడండి, అచ్చం అలాగే.

ఈలోపు రోడ్డు మారింది. రెండు లైన్ల రోడ్డు మీద లారీల వెనక యాభైలో పోయే రోజులు పోయి, 2012కల్లా హైదరాబాదు-విజయవాడ నాలుగు లైన్లయింది. 2018లో కేంద్రం ఇలాంటి రోడ్ల మీద కార్ల వేగ పరిమితి 100 చేసింది. అదే ఏడు జులైలో లారీల బరువు పరిమితి కూడా పెంచారు. పది టైర్ల లారీకి 25 టన్నులు ఉండేది 28.5 అయింది. వేగం పెరిగింది, బరువు పెరిగింది, ఇక ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ళ లిస్టులో నందిగామ పేరు తరచూ ఉంటుంది. 45 డిగ్రీలు మాకు వార్త కాదు. టైరుకి శత్రువులు నాలుగంటారు: తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగం, ఎండ. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మిట్టమధ్యాహ్నం నాలుగూ కలుస్తాయి.

ఇక్కడే మనవాళ్ళ ఎండాకాలం వేదాంతం ఒకటి చెప్పాలి. "వేడికి గాలి వ్యాకోచిస్తుంది, అంచేత ఎండాకాలం కాస్త తక్కువ కొట్టించు." వినడానికి సైన్సులాగే ఉంటుంది. లెక్క చూద్దాం. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 32 పెట్టారు. హైవే మీద రెండు గంటలు నడిపాక టైరు లోపల 60 డిగ్రీలకి చేరితే గేజిలో 37, 38 కనపడుతుంది. కంగారు పడాల్సింది లేదు, టైరు తయారుచేసేవాడు ఆ పెరుగుదల ముందే లెక్కలో వేసుకున్నాడు. అందుకే డోరు పక్కన స్టిక్కరు మీద రాసేది చల్లటి టైరు నంబరు. కానీ మనం కోదాడ దగ్గర టీకి ఆగి, "అమ్మో 38" అని వేడి టైర్లోంచి గాలి తీయించి 32 చేయిస్తాం. ఆ టైరు మళ్ళీ చల్లారితే ఎంతుంటుంది? సుమారు 27. అంటే పేలకూడదని తీసిన గాలే పేలడానికి దారి చేస్తుంది. వెనకటి రైతు ఎండాకాలం చక్రాన్ని నీళ్ళలో పెట్టి బిగించుకున్నాడు, మనం ఎండాకాలం చక్రాన్ని వదులు చేసుకుంటున్నాం.

నైట్రోజన్ కొట్టిస్తే సరిపోతుంది కదా అంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతాది కూడా అదే అయితే తేమ లేకపోవడం లాంటి చిన్న లాభాలున్నాయి, కాదనను. కానీ తక్కువ నైట్రోజన్ కంటే సరిపడా మామూలు గాలి ఎప్పుడూ మేలు.

అయితే ఈ కనపడని గాలి సమస్య మన ఒక్కళ్ళదే కాదు. వైటూకే పుణ్యమా అని మనవాళ్ళు గుంపులుగా అమెరికాలో దిగిన రోజుల్లోనే అక్కడ పెద్ద గొడవ జరిగింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. పరుగులో ఉండగా టైరు పై పొర ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. 271 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వ లెక్క. ఫోర్డ్ చెప్పిన గాలి 26, ఫైర్‌స్టోన్ తర్వాత ఉండాలన్నది 30. టైరు తయారీ లోపమా, గాలి నంబరు లోపమా, బండి డిజైను లోపమా అని రెండు కంపెనీలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు డెవలప్‌మెంటు వాళ్ళూ నెట్‌వర్కు వాళ్ళూ పెట్టుకునే కాన్ఫరెన్సు కాల్ గుర్తొస్తే నా తప్పు కాదు. ఆ ఏడాది నవంబరులో కొత్త చట్టం వచ్చింది, దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులోనూ గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అదే టీపీఎంఎస్.

హమ్మయ్య, ఎద్దు తిరిగొచ్చింది అనుకుంటాం. కానీ ఆ చట్టంలో గీత ఎక్కడ గీశారో చూడండి. ఉండాల్సిన గాలి కంటే 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలిగితే చాలు. 32 ఉండాల్సినచోట 24 అయ్యేదాకా బండి నోరెత్తక్కర్లేదు. టీ కొట్టు దగ్గర తీయించిన 27 ఉంది చూశారూ, దానికి దీపం వెలగకపోవచ్చు. ఆ దీపం ప్రమాదం దగ్గరపడ్డప్పటి ఆఖరి గంట, మనం కనిపెట్టుకుని ఉండటానికి బదులు కాదు. డిస్కు 99 శాతం నిండాక వచ్చే మెయిలు ఎందుకు పనికొస్తుందో మీకు నేను చెప్పాలా? మన దేశంలో అయితే 2020లో ఇంకో మెలిక వచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు కిట్టు, టీపీఎంఎస్ ఉంటే మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల బండికి స్టెప్నీ లేకపోయినా పర్వాలేదని కేంద్రం రూలు మార్చింది. బరువు తగ్గుతుంది, చోటు మిగులుతుంది. వందేళ్ళ స్టెప్నీ కూడా దీపం మీద నమ్మకంతో దిగిపోతోంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకొక్క ముక్క. ఈమధ్య మనవాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి మోటర్‌హోం అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్ళిరావడం మామూలైంది. బయటికి ఇల్లులా కనపడుతుంది గానీ, పరుపులూ ఫ్రిజ్జూ పక్కన పెడితే అది లారీయే. వెనక జంట టైర్లు, లోపలిది కనపడదు, కార్ల కంటే రెట్టింపు పైన గాలి. చాలా మధ్యరకం మోటర్‌హోంలలో 80 పీఎస్ఐ దాకా ఉంటుంది. ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడి ఉంటుంది కాబట్టి టైరు గాట్లు కొత్తగానే కనపడతాయి, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని. ఇంటినిండా మంచినీళ్ళు, బియ్యం, కుక్కరు, పచ్చళ్ళ జాడీలు ఎక్కించాక బరువు తూచుకుని, దాన్నిబట్టి గాలి పెట్టుకోవాలి. లారీలు తూచే కాటాలు హైవే పక్కనే ఉంటాయి. బయలుదేరే ముందు పొద్దున్నే చల్లటి టైరుకి గేజి పెట్టి లోపలి చక్రంతో సహా ఆరూ చూసుకోవాలి. మన లారీ క్లీనరు రాడ్డు పట్టుకుని చేసిన పనే ఇది. ఇప్పుడు క్లీనరు మనమే.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రోడ్డు మీద జరిగిన ప్రతిదానికీ టైరే కారణం కాదు. 2023 జులై 1న మహారాష్ట్రలో సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సు కాలిపోయి 25 మంది చనిపోయారు. టైరు పేలిందని డ్రైవరు చెప్పాడు. అక్కడి రవాణా అధికారుల నివేదిక మాత్రం టైరు పేలిన ఆనవాళ్ళు లేవంది. టైరు పేలింది అనే మాట చాలా సుఖమైన మాట. అందులో తప్పు ఎవరిదీ కాదు, అంతా పైవాడి లీల.

ఈ పైవాడి లీల మీదే అదే ఏడాది బొంబాయి హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2010లో పూణె నుంచి ముంబై వెళ్తున్న కారు టైరు పేలి పల్టీ కొట్టింది, అందులో ఉన్న ఒకాయన చనిపోయారు. పరిహారం కోటీ పాతిక లక్షలు కట్టమంటే బీమా కంపెనీ అప్పీలుకి వెళ్ళింది. టైరు పేలడం దైవఘటన, మా బాధ్యత లేదంది. కోర్టు ఒప్పుకోలేదు. టైరు పేలడానికి వేగం, తక్కువ గాలి, ఎక్కువ గాలి, పాత టైర్లు, వేడి ఇలా కారణాలుంటాయని, బయలుదేరే ముందు టైరు చూసుకోవడం నడిపేవాడి, యజమాని బాధ్యతేనని, ఇది మనిషి నిర్లక్ష్యమని తేల్చింది.

నాకు ఈ తీర్పు చాలా నచ్చింది. కీచుమని అరిచే చక్రం లేదు, మెడ వాల్చే ఎద్దు లేదు, రాడ్డు పట్టుకున్న క్లీనరు లేడు, చేతికి బరువు తగిలే స్టీరింగు లేదు, కంటికి కనపడే తేడా లేదు. చెప్పేవాళ్ళు అందరూ వెళ్ళిపోయారు కాబట్టి చెప్పే బాధ్యత కూడా పోయిందనుకున్నాం. పోలేదు, బండి తోలేవాడి చేతికొచ్చింది. ఎవరూ అప్పగింతలు పెట్టలేదు అంతే. దాని ఖరీదు ఎంతో కూడా చెప్పేస్తాను. నాలుగైదు వందలు పెడితే గేజి వస్తుంది. నెలకోసారి, దూర ప్రయాణం ముందు ఒకసారి, పొద్దున్నే బండి కదిలించకముందు, స్టెప్నీతో కలిపి అయిదు టైర్లకి అయిదు నిమిషాలు. నంబరు డ్రైవరు డోరు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. నిండా జనంతో, సామానుతో వెళ్ళేటప్పుడు ఎంతుండాలో కూడా అక్కడే రాసి ఉంటుంది, అదీ చదవండి. బంకులో కుర్రాడిని అడక్కండి, మీరే అతనికి చెప్పండి.